ఇరవై బుడగల లెక్క



సేఫ్టీ వాల్వులు బాగుచేసే వర్క్‌షాపుల్లో ఒక పరీక్ష చేస్తారు. వాల్వును టెస్ట్ బెంచి మీద బిగించి కింది నుంచి గాలి ఎక్కిస్తారు. ఏ ఒత్తిడి దగ్గర అది తెరుచుకోవాలని పెట్టారో, అందులో 90 శాతం దాకా తెచ్చి ఆపుతారు. గాలి బయటికి పోయే మూతికి ఒక బిళ్ల బిగించి, దాని రంధ్రంలోంచి సన్నటి గొట్టం తీసి, ఆ గొట్టం కొసను గ్లాసులో నీటి మట్టానికి అర అంగుళం కింద ముంచుతారు. కాసేపు ఆగి, వాచీ చూసుకుంటూ మెకానిక్ ఒక నిమిషం పాటు బుడగలు లెక్కపెడతాడు. ఆ నిమిషంలో పక్కనున్నవాళ్లు పలకరించకూడదు, లెక్క తప్పుతుంది. 20 లోపు వస్తే వాల్వు బాగుందని కాగితం రాసిస్తారు. దాటితే మళ్లీ విప్పాల్సిందే.

ఈ 20 ఎవరో నోటికొచ్చినట్టు చెప్పిన అంకె కాదు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి 527వ నంబరు ప్రమాణంలో ఉన్నది. లోపలి రంధ్రం వైశాల్యం సుమారు 2 చదరపు సెంటీమీటర్లు దాటిన వాల్వులకు 20, అంతకన్నా చిన్నవాటికి 40. ఇది దాదాపు 69 బార్ల ఒత్తిడి వరకు వర్తించే లెక్క, ఆ పైన ఇంకాస్త వెసులుబాటు ఇస్తారు. మూసుకునే ముఖం, అంటే సీటు, రబ్బరుదో టెఫ్లాన్‌దో అయితే మాత్రం ఒక్క బుడగ కూడా రాకూడదు.

రబ్బరుకు ఒక్కటీ ఒప్పుకోనివాళ్లు లోహానికి ఇరవై ఎందుకు ఒప్పుకున్నారు? లోహం మీద లోహం కూర్చుంటే పూర్తిగా మూసుకోదు గనక. ఎంత రుద్దినా, ఎంత మెరిపించినా మూసుకోదు. కాబట్టి లీకవుతుందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎంత లీకవుతుంది, ఏ అంచు దగ్గర మొదలవుతుంది, ఇవి వాల్వు తయారు కాకముందే చెప్పగలమా అన్నది ప్రశ్న. ఇవాళ కంప్యూటర్లను కూర్చోబెట్టి చేయిస్తున్న లెక్క అదే.

మరి రబ్బరే వాడొచ్చు కదా అంటారు. వేడి వాడనివ్వదు. థర్మల్ కేంద్రాల పెద్ద బాయిలర్లలో ఆవిరి 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అక్కడ రబ్బరు, టెఫ్లాన్ రెండూ నిలవవు. స్టెయిన్‌లెస్ స్టీలో, దాని మీద వెల్డింగుతో పరిచిన స్టెలైట్ లాంటి గట్టి మిశ్రమలోహమో ఉండాలి.

వాల్వు కథ పాతదే. డెనీ పపాన్ అనే ఫ్రెంచివాడు లండన్‌లో ఎముకలు మెత్తబడేలా ఉడికించే పాత్ర ఒకటి తయారుచేసి, 1681లో దాని మీద పుస్తకం అచ్చేశాడు. ఆ పాత్ర పేలిపోకుండా మూత మీద చిన్న రంధ్రం, దాని మీద బిరడా, బిరడాను అదిమిపట్టే బరువు పెట్టాడు. మన కుక్కరు మీది విజిల్‌కు మూలపురుషుడు ఆయనే. తర్వాత బరువు స్థానంలో స్ప్రింగు వచ్చింది. ఇవాళ్టి వాల్వులో ఉన్నవి ముఖ్యంగా మూడే: ఆవిరి వచ్చే నాజిల్, దాని నోటి మీద కూర్చునే డిస్కు, డిస్కును పైనుంచి నొక్కే స్ప్రింగు. నాజిల్ అంచూ డిస్కూ కలిసే సన్నటి ఉంగరమే సీటు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చెబుతాను. కాగితం లేకపోయినా అందుతుంది. సీటు వ్యాసం 30 మిల్లీమీటర్లు, వాల్వు తెరుచుకోవలసింది 60 బార్ల దగ్గర అనుకుందాం. లోపల ఒత్తిడి లేనప్పుడు స్ప్రింగు డిస్కును సుమారు 430 కిలోల బరువుతో నొక్కుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ కింది నుంచి తోపుడు పెరుగుతుంది, సీటు మీద మిగిలే బరువు తగ్గుతుంది. 60 బార్లకు అది సున్నా. బుడగల పరీక్ష జరిగే 54 బార్ల దగ్గర మిగిలేది 43 కిలోలే. అంటే వాల్వుకు బిగువు ఎక్కువ అవసరమైన చోటే బిగువు అతి తక్కువ. లీకును తోసే ఒత్తిడి గరిష్ఠానికి చేరుకుంటుంటే, ఆపే బలం అడుగంటుతూ ఉంటుంది. నా మట్టుకు ఈ వాల్వు గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. స్ప్రింగు గట్టిదైతే చాలనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఆ 43 కిలోలను సీటు వెడల్పు మీద పంచి చూడండి. వెడల్పు 1 మిల్లీమీటరు అయితే సీటు మీద సగటు నొక్కుడు 45 బార్లు. లోపలి గాలి 54 బార్లు. నొక్కుడు కన్నా గాలే బలమైంది! అదే వెడల్పు అర మిల్లీమీటరు చేస్తే నొక్కుడు 90 బార్లవుతుంది, గాలి మీద నెగ్గుతుంది. ఇక యజమాని వచ్చి, ప్లాంటును 90 శాతం దగ్గర కాదు, 95 శాతం దగ్గర నడుపుతాను, ఉత్పత్తి పెరుగుతుంది అన్నాడనుకోండి. అప్పుడు అర మిల్లీమీటరు సీటు కూడా చాలదు, 0.39 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఈ హద్దు సెట్ ప్రెజర్ మీద, అంటే వాల్వు తెరుచుకోవలసిన ఒత్తిడి మీద, ఆధారపడదు. సీటు వ్యాసం మీద, ఎంత దగ్గరగా నడుపుతున్నారనే దాని మీద ఆధారపడుతుంది. అయితే సీటును సన్నం చేస్తూ పోవడానికీ వీల్లేదు. వాల్వు తెరుచుకుని మూసుకునేటప్పుడు డిస్కు ఠపీమని వచ్చి కూర్చుంటుంది. సన్నటి అంచు ఆ దెబ్బకు చితుకుతుంది.

ఇదంతా సగటు లెక్క. సీటు అద్దంలా చదునుగా ఉందన్న నమ్మకం మీద వేసింది. వర్క్‌షాపులో సీటును చదును చేసే పనిని లాపింగ్ అంటారు. పోత ఇనుప పలక మీద సన్నటి గరుకు పేస్టు రాసి, డిస్కును ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పుతూ రుద్దుతారు. అరగడం ఒకే పక్కకు ఒరగకుండా మధ్యమధ్యలో డిస్కును కాస్త తిప్పి పట్టుకుంటారు. తుడిచి, దాని మీద ఆప్టికల్ ఫ్లాట్ అనే గాజుబిళ్ల పెట్టి హీలియం దీపం వెలుతురులో చూస్తారు. చారలు కనిపిస్తాయి. చారలు తిన్నగా ఉంటే ముఖం చదును. ఒక చార పక్క చారను అందుకునేంత వంకర పోయిందంటే ఎత్తుపల్లం 0.29 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చేతి పనిలో ఇంతకన్నా నాణ్యం నేనెక్కడా చూడలేదు.

అయినా చాలదు. మనం అనుకున్న అర మిల్లీమీటరు సీటు చుట్టూ ఒకే మందంలో సందు ఉందనుకుని, 54 బార్ల గాలి అందులోంచి నిమిషానికి 20 బుడగలే రావాలంటే, ఆ సందు సుమారు 0.09 మైక్రాన్లు. చార ఒక్కటి అంత వంకర పోయినా దానికి మూడు రెట్లు. పైగా సందులోంచి పోయే గాలి సందు మందానికి ఘనం లెక్కన పెరుగుతుంది. సందు రెండింతలైతే 20 బుడగలు 160 అవుతాయి. అంటే చదును చేయడం వల్ల మాత్రమే వాల్వు ఆగడం లేదు. మిగిలిన ఎత్తుపల్లాలను ఆ 43 కిలోల బరువు లోహాన్ని వంచి, నొక్కి సర్దుతోంది. లోహం ఎలా వంగుతుంది, ఎంత సర్దుకుంటుంది? చేత్తో వేసే లెక్కలు ఇక్కడ ఆగిపోతాయి.

కంప్యూటర్ పని ఇక్కడ మొదలవుతుంది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో నాజిల్‌నూ డిస్కునూ చిన్న చిన్న ముక్కలుగా ఊహించి, ఒక్కో ముక్క ఎంత బలానికి ఎంత జరుగుతుందో సమీకరణాలు రాసి, అన్నీ కలిపి ఒక్కసారే సాధిస్తారు. వాల్వు గుండ్రంగా ఉంటుంది గనక ఒక నిలువు కోత తీసుకుంటే చాలు. ఈ కోతలో కనిపించే మొదటి విశేషం, సీటు మీద నొక్కుడు అంతటా ఒకేలా ఉండదని. లోపలి ఒత్తిడికి నాజిల్ మూతి కాస్త విచ్చుకుంటుంది, డిస్కు మధ్యలో పైకి ఉబ్బుతుంది. దాంతో బరువంతా ఒక అంచు మీదికి చేరుతుంది, రెండో అంచు తేలిపోతుంది. ఏ అంచన్నది వాల్వు ఆకారాన్ని బట్టి, వేడిని బట్టి మారుతుంది. సగటు చూసి 90 బార్లు ఉందని మనం సంతోషిస్తే, ఒక పక్క 200 ఉండి ఇంకో పక్క 20 ఉండొచ్చు.

ఆ తేలిపోయిన అంచులోకి ఆవిరి దూరుతుంది. దూరి, డిస్కును ఇంకాస్త పైకి తోస్తుంది. ఈ చొరబాటును లెక్కలోకి తేవడానికి ఫ్లూయిడ్ ప్రెజర్ పెనెట్రేషన్ అనే పద్ధతి ఉంది. లోపలి అంచు నుంచి బయలుదేరి, ఒక్కో బిందువు దగ్గర లోహం నొక్కుడు ఎక్కువా, ఆవిరి ఒత్తిడి ఎక్కువా అని చూస్తారు. ఆవిరిది పైచేయి అయితే ఆ బిందువును ఆవిరికి ఒప్పగించి మళ్లీ మొదటి నుంచి లెక్క. ఇలా ఎక్కడో ఒక చోట ఆవిరి ఆగిపోతుంది, లేదా బయటి అంచు దాకా వచ్చేస్తుంది. స్కాట్లాండ్‌లో, గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2010ల్లో ఈ పద్ధతిని ప్రెజర్ రిలీఫ్ వాల్వుల సీట్ల మీద ప్రయోగించారు. అక్కడితో ఆగకుండా, సీటు గరుకుతనాన్ని కూడా లెక్కలో కలిపే పని మొదలుపెట్టారు.

గరుకుతనం దగ్గరే అసలు తిప్పలు. మన అర మిల్లీమీటరు సీటు వైశాల్యం 47 చదరపు మిల్లీమీటర్లు. దాని మీది గుట్టలూ గోతులూ కంప్యూటర్‌కు కనిపించాలంటే, ఒక్కో గడి మైక్రాన్‌లో పదో వంతు ఉండాలి. పై ముఖానికే 470 కోట్ల గడులు కావాలి. కింద లోహం లోతు ఇంకా లెక్కలోకి రానే లేదు. అందుకే రెండు అంతస్తుల్లో పని చేస్తారు. పెద్ద నమూనాలో వాల్వు మొత్తం ఉంటుంది, అది ఏ చోట నొక్కుడు ఎంతో చెబుతుంది. చిన్న నమూనాలో ఒక చిటికెడు ముఖం, నిజమైన సీటును కాంతితో కొలిచి తెచ్చిన గుట్టలూ గోతులతో ఉంటుంది. దాన్ని ఆ నొక్కుడుతో అదిమి, మిగిలిన సందుల్లోంచి ఎంత గాలి పోతుందో చూస్తారు. ఒకదాని జవాబు ఇంకోదానికి ప్రశ్న.

గుట్టల శాస్త్రానికి కూడా చరిత్ర ఉంది. గుట్ట మీద గుట్ట, దాని మీద ఇంకో గుట్ట ఉంటాయని 1957లో ఆర్చర్డ్ చెప్పాడు. 1966లో గ్రీన్‌వుడ్, విలియమ్సన్ ఆ గుట్టలన్నిటినీ ఒకే సైజు గోళాలనుకుని, ఎత్తుల్లో మాత్రమే తేడా పెట్టి లెక్క తేలిక చేశారు. ఈ శతాబ్దంలో జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో బో పెర్సన్ ఇంకో దారి తీశాడు. ముఖాన్ని ఎంత దగ్గరగా చూస్తే తాకుడు అంత తగ్గుతూ పోతుందని, ఆ తగ్గుదలనే సమీకరణంగా రాశాడు. దాని ఆధారంగా 2008లో సీళ్ల లీకేజీకి లెక్క చెప్పాడు.

ఎండాకాలం గోదావరిలో లంకలు తేలినట్టు ఊహించుకోండి. లోహాలు నిజంగా తాకే చోట్లు ఆ లంకలు. లంకలు ఎన్ని ఉన్నా, ఎంత పెద్దవైనా, వాటి మధ్య పాయ ఒక్కటి మిగిలితే చాలు, నీరు కిందికి చేరుతుంది. పాయలన్నీ తెగాలంటే లంకలు ఒకదానితో ఒకటి కలవాలి. సీటు వైశాల్యంలో సుమారు 40 శాతానికి పైగా నిజంగా తాకినప్పుడే అలా తెగుతాయని కంప్యూటర్ లెక్కలు తేల్చాయి. మన సీటు సంగతి చూస్తే, స్టెయిన్‌లెస్ స్టీలు కాఠిన్యంతో 90 బార్ల నొక్కుడును భాగించినప్పుడు తాకుతున్నది అర శాతం కూడా లేదు. 40 ఎక్కడ, అర ఎక్కడ! ఎన్నో పాయలు తెరిచే ఉన్నాయి. రబ్బరు మెత్తన గనక ఆ గోతుల్లోకి దిగి లంకలను కలిపేస్తుంది. ప్రమాణం రాసినవాళ్లు లోహానికి 20 బుడగలు ఒప్పుకోవడం వెనక ఉన్న నిజం ఇది. లోహపు సీటుకు సున్నా అడిగే టెండర్లు కొన్ని వస్తుంటాయి. పరీక్షకు పెట్టిన నిమిషంలో బుడగ రాకపోవచ్చు గానీ, అది లెక్క ప్రకారం సున్నా కాదు.

పాయ మొత్తంలో ఎక్కడ అతి ఇరుకో, అక్కడే లీకు ఎంతన్నది తేలుతుంది. మిగతా దారి ఎంత వెడల్పున్నా పట్టింపు లేదు. సగటు గరుకుతనం ఒకటే ఉన్న రెండు సీట్లు వేర్వేరుగా లీకయ్యేది ఇందుకే. రుద్దిన గీతలు సీటు చుట్టూ గుండ్రంగా ఉంటే పాయ అడ్డంగా తెగుతుంది, లోపలి నుంచి బయటికి అడ్డగీత ఒక్కటి పడితే అదే కాలువ.

ఈ నమూనాల వల్ల ఒరిగినదేమిటని అడగొచ్చు. సీటు వెడల్పు, డిస్కు మందం, మూతి ఆకారం, వీటిని పోతపోసి, లేత్ మీద తిప్పి, రుద్ది, పరీక్షించి, పారేసి తెలుసుకునే పని చాలావరకు తప్పింది. డిస్కు అంచును సన్నటి పెదవిలా వదిలి, దాని వెనక్కి ఆవిరిని రానిచ్చే పద్ధతి పాతదే. ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ పెదవి వెనక నుంచి సీటు మీదికి అదమబడుతుంది. పెదవి ఎంత మందం ఉండాలో, ఎంత పొడవుండాలో కంప్యూటర్ మీద వందసార్లు మార్చి చూడటం ఇప్పుడు సాధ్యం.

నమూనాకు కనపడనివీ ఉన్నాయి. స్ప్రింగు నిలువుగా నొక్కుతుందని అది అనుకుంటుంది. నిజం స్ప్రింగు కాస్త పక్కకు ఒరుగుతుంది. కొత్తగా లాపింగ్ చేసిన డిస్కును స్ప్రింగు అదిమితే ఎత్తైన గుట్టలు చితికి, ఎదుటి గోతులకు సరిపోయేలా సర్దుకుంటాయి. ఒకసారి వాల్వు తెరుచుకుని డిస్కు ఏమాత్రం తిరిగి కూర్చున్నా ఆ జోడీ చెదిరిపోతుంది. బెంచి మీద బుడగే రాని వాల్వు మొదటిసారి తెరుచుకుని మూసుకున్నాక లీకవడం మొదలుపెట్టడానికి ఇదొక కారణం. ఇక దుమ్ము. ఒక మైక్రాన్ రేణువు కంటికి కనపడదు గానీ, మన 0.09 మైక్రాన్ల సందు పక్కన అది పది రెట్లకు పైగా ఎత్తు. పైపులో వెల్డింగు తుక్కు వదిలేసినవాడు ఎంత మంచి లెక్కనైనా ఓడిస్తాడు.

ఒకసారి లీకు మొదలైతే అది అక్కడ ఆగదు. తడి ఆవిరి గంటల తరబడి ఒకే దారిన పోతూ సీటును కోస్తుంది. దీన్ని ప్లాంటుల్లో స్టీమ్ కటింగ్ అంటారు. అప్పుడు కొందరు చేసే పని, సీసపు సీలు తెంచి స్ప్రింగును ఇంకో చుట్టు బిగించడం. బుడగలు తగ్గుతాయి, నిజమే. కానీ 60 బార్ల దగ్గర తెరుచుకోవలసింది ఇక 63 దగ్గరో 64 దగ్గరో తెరుచుకుంటుంది. దాని కింద ఉన్న బాయిలరు డ్రమ్ముకు ఆ సంగతి తెలియదు. కోత పడిన సీటుకు లాపింగ్ తప్ప మందు లేదు.

చిన్న లీకే కదా అని ఊరుకుంటే ఏమవుతుందో అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రం చూపించింది. 1979 మార్చి 28, తెల్లవారుజామున 4 గంటలు. రెండో యూనిట్‌లో ఒత్తిడి పెరిగింది, పైనున్న రిలీఫ్ వాల్వు తెరుచుకుంది. ఒత్తిడి తగ్గాక మూసుకోవాలి, మూసుకోలేదు. ఇది స్ప్రింగు వాల్వు కాదు, విద్యుత్ అయస్కాంతంతో నడిచే పైలట్ వాల్వు. ప్యానెల్ మీది దీపం ఆరిపోయింది గనక మూసుకుందనే ఆపరేటర్లు అనుకున్నారు. ఆ దీపం చెప్పేది అయస్కాంతానికి కరెంటు ఉందా లేదా అన్నది మాత్రమే, వాల్వు సంగతి దానికి తెలియదు.

నిజం చెప్పగలిగింది ఇంకొకటి ఉంది. వాల్వు తర్వాతి పైపు ఉష్ణోగ్రత. ఆ పైపు 130 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే వాల్వు ముందున్న బ్లాక్ వాల్వు మూసేయాలని, 200 దాటితే రిలీఫ్ వాల్వు తెరిచి ఉన్నట్టని రాతపూర్వక సూచనలే ఉన్నాయి. ఆ ఉదయం మీటరు 285 దాకా చూపించింది, అంటే 140 డిగ్రీల సెల్సియస్. ఆపరేటర్లు చూశారు. చూసి వదిలేశారు. ఎందుకంటే ఆ వాల్వో, పక్కనున్న మరొకటో అంతకుముందు నుంచే కొద్దిగా లీకవుతోంది, పైపు రోజూ వేడిగానే ఉంటోంది. వేడి పైపు వాళ్లకు మామూలైపోయింది. బ్లాక్ వాల్వు మూసేసరికి ఉదయం 6 గంటల 22 నిమిషాలైంది. రియాక్టర్ గర్భంలో సుమారు సగం కరిగిపోయింది.

ఆ ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి, లీకు ఒక్కటే కాదు. కానీ నాకు ఈ లీకు మిగతావాటికన్నా ఎక్కువ బెంగ కలిగిస్తుంది. దానివల్ల పోయిన ఆవిరి ఖరీదు కొద్దిపాటిదే. అది చేసిన నష్టం, మూసి ఉన్న వాల్వుకూ తెరిచి ఉన్న వాల్వుకూ మధ్య తేడా చెప్పే ఆ ఒక్క మీటరును పనికిరాకుండా చేయడం. ఆ తర్వాత అమెరికా అణు నియంత్రణ కమిషన్, రిలీఫ్ వాల్వులూ సేఫ్టీ వాల్వులూ తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో కంట్రోల్ రూముకు నేరుగా తెలియాలని షరతు పెట్టింది. చాలా కేంద్రాలు వాల్వు తర్వాతి పైపుకు ధ్వని సెన్సర్లు బిగించాయి. ఆవిరి పోతుంటే పైపు మోగుతుంది, సెన్సర్ వింటుంది. ఆ మోత ఎంతుంటే మామూలు లీకు, ఎంత దాటితే వాల్వు తెరుచుకున్నట్టు అన్న గీత ఎక్కడో ఒక చోట గీయాలి. మూసి ఉన్న సీటు ఏ ఒత్తిడి దగ్గర ఎంత వదులుతుందో ముందే అంచనా ఉన్నవాడు ఆ గీతను సరైన చోట గీయగలడు. లేనివాడు అలారం మాటిమాటికీ మోగుతోందని దాన్ని పైకి జరుపుతూ పోతాడు.